కళ్ళకద్దుకున్న బంతి

నా చిన్నప్పుడు న్యూజీలాండ్‌లో ఈ పామర్‌స్టన్ నార్త్ ఊరు మొత్తం మీద తెలుగు ఇల్లు మాదొక్కటే ఉండేది. ఇప్పుడైతే బస్సెక్కితే వెనక సీట్లోంచి "ఒరేయ్, ఎక్కడ చచ్చావురా" అని ఎవరో కుర్రాడు ఫోన్‌లో అరుస్తుంటాడు. దుకాణంలో గోంగూర పచ్చడి సీసాలు వరసగా నిలబడి ఉంటాయి. చూస్తే నాకు ప్రాణం లేచొస్తుంది. ఆ రోజుల్లో మా అమ్మకి తెలుగులో ఎవరినైనా తిట్టాలనిపిస్తే నేనూ మా నాన్నా తప్ప వేరే దిక్కు లేదు. ఆ తిట్లు మేమిద్దరం చెరిసగం పంచుకునేవాళ్ళం. నాన్న యూనివర్సిటీలో గడ్డి మీద పరిశోధన చేసేవారు. ఏ గడ్డి మేస్తే ఆవు ఎక్కువ పాలిస్తుందన్నది ఆయన చదువు. ఈ సంగతి ఉత్తరంలో రాస్తే మా తాతయ్య, "దానికి అంత దూరం పోవాలట్రా, మన గేదెనడిగితే చెప్పేది కదా" అని జవాబు రాశాడట.

మా పక్కింట్లో ఒకాయన ఉండేవారు. ఇక్కడి పిల్లలు పెద్దవాళ్ళని కూడా పేరు పెట్టి పిలిచేస్తారు. మా అమ్మ దృష్టిలో అది మహాపరాధం. అందుకని నేను ఆయన్ని అంకుల్ అనేదాన్ని. వీధి మొత్తం మీద ఆయన్ని అలా పిలిచేది నేనొక్కదాన్నే. వారమంతా ఇళ్ళకి రంగులు వేసే పని ఆయనది. చెవి వెనకాల ఎప్పుడూ ఏదో ఒక రంగు చుక్క ఉండేది. దాన్ని బట్టి ఈ వారం ఏ ఇంటికి ఏ రంగు పడుతోందో మా అమ్మ ఠక్కున చెప్పేసేది. శనివారం వచ్చిందంటే మాత్రం ఆయన వేరే మనిషి. ఊరి జట్టుకే కాదు, న్యూజీలాండ్ సాఫ్ట్‌బాల్ జట్టుకి కూడా బంతి విసిరే పిచర్ ఆయన.

సాఫ్ట్‌బాల్ బేస్‌బాల్‌కి చెల్లెలు. బంతి కాస్త పెద్దది, చెయ్యి కిందినుంచి విసరాలి, అంతే తేడా. పేరులో తప్ప ఆ బంతిలో మెత్తదనం ఎక్కడా లేదు, నా మోచిప్పలే సాక్ష్యం. అంకుల్ చెయ్యి భుజం దగ్గర్నుంచి గిర్రున ఒక చుట్టు తిరిగేది, బంతి ఎప్పుడు వదిలారో కనపడేది కాదు. బ్యాట్ పట్టుకున్నవాడు ఇంకా ఊపకముందే అది వెనకవాడి గ్లవ్‌లో టప్పుమనేది. మా నాన్న మొదటిసారి చూసి, "వడిసెల తిప్పినట్టుందే" అన్నారు. జొన్నచేలో పిట్టల్ని తోలే వడిసెల. ఇన్నేళ్ళయినా అంతకన్నా బాగా చెప్పడం నాకు చేతకాలేదు.

వాళ్ళమ్మాయిది నా ఈడే. నాకున్న ఒకే ఒక్క నేస్తం. తను ఆడే ఆడపిల్లల జట్టుకి అంకులే కోచ్. ఆటకి తొమ్మిది మంది కావాలి, వాళ్ళు ఎనిమిది మందే ఉన్నారు. అలా నేను ఆటగత్తెనయ్యాను. తొమ్మిదో మనిషి లేకపోతే మ్యాచ్ ఆడకుండానే ఓడిపోయినట్టు రాసేస్తారు, అందుకని నిలబడ్డానికి ఒక శాల్తీ కావాలి. ఆ శాల్తీని నేను. నా దగ్గరికి బంతి రాకూడదని నేనూ, నా జట్టూ కలిసికట్టుగా కోరుకునేవాళ్ళం. అయినా శనివారం కోసం నేను వారమంతా ఎదురుచూసేదాన్ని. బడిలో నా జడ లాగి నవ్వేవాళ్ళు కూడా ఆ రోజు నన్ను తమలో ఒకదాన్ని చేసుకునేవాళ్ళు మరి.

మా ఇంట్లో ఒక నియమం ఉండేది, ఏ తెలుగింట్లోనైనా ఉండేదే. పుస్తకానికి కాలు తగిలినా, మనిషికి తగిలినా, చివరికి చేటకో చీపురుకో తగిలినా, వంగి తాకి కళ్ళకద్దుకోవాలి. మా అమ్మ ఈ విషయంలో పోలీసు. నేను మర్చిపోతే వంటింట్లోంచే "ఊఁ" అని ఒక్క మూలుగు వినిపించేది. ఆవిడకి నా కాళ్ళు గోడలోంచి కనపడేవేమో తెలియదు. చేసి చేసి అది ఆలోచన అక్కర్లేని పని అయిపోయింది. తుమ్మొస్తే కళ్ళు మూసుకుంటామే, అలాగ.

ఆ శనివారం మేం గెలవాల్సిన మ్యాచ్. చివరి ఇన్నింగ్స్. ఒక్క పరుగు ముందున్నాం. పరిగెత్తి చేరాల్సిన నాలుగు మూలల్ని బేసులంటారు, వాటిలో రెండింటి మీద అవతలి జట్టు పిల్లలిద్దరు పరుగుకి సిద్ధంగా ఉన్నారు. ఇంకొక్క పిల్లని అవుట్ చేస్తే గెలిచినట్టే. నా నేస్తం బంతి వేసింది. బ్యాట్ పట్టుకున్న పిల్ల దాన్ని అలా తాకించిందంతే. బంతి గడ్డి మీద దొర్లుకుంటూ, ఏ తొందరా లేకుండా, సరాసరి నా దగ్గరికే వచ్చింది. అంత తేలిక బంతి మా జట్టు మొత్తం ఆ ఏడాది చూసుండదు. అది నా ఎడమ బూటుకి తగిలి ఆగింది. బ్యాట్ పట్టిన పిల్ల ఫస్ట్ బేస్ చేరేలోగా, తీసి అక్కడున్న మా పిల్లకి విసిరితే అయిపోయేది.

వంగాను. రెండు చేతులతో తీశాను. కళ్ళు మూసుకుని, కుడికంటికి ఒకసారి, ఎడమకంటికి ఒకసారి అద్దుకున్నాను. అదీ హడావుడిగా కాదు, భక్తిగా.

కళ్ళు తెరిచేసరికి మా వాళ్ళంతా ఒక్క గొంతుతో "విసురు! విసురు!" అని అరుస్తున్నారు. అవతలి పిల్లలిద్దరూ పరుగులు పూర్తి చేసేసి ఒకళ్ళనొకళ్ళు వాటేసుకుని గెంతుతున్నారు. ఓడిపోయాం. నా నేస్తం నేల మీద చతికిలబడి ఏడుస్తోంది. ఎవరో, "బంతిని ముద్దు పెట్టుకుంది, చూశారా! ముద్దు పెట్టుకుంది!" అన్నారు. ఇంక అంతే. నా పరువు ఆ గడ్డిలో కలిసిపోయింది. తల ఎత్తితే ఒట్టు.

అంకుల్ నా దగ్గరికొచ్చి ఏమైందని అడిగారు. ఉన్న మాట చెప్పొచ్చు. మా ఇంట్లో ఇలా చేస్తామండీ, అలవాటులో చేసేశాను అనొచ్చు. కానీ అందరూ చుట్టూ చేరి చూస్తున్నారు. మా అమ్మ కట్టే చీర, మా ఇంట్లోంచి వచ్చే పోపు వాసన, నా జడ, వీటి మీద పడ్డ నవ్వులు చాలక దీన్ని కూడా వాళ్ళ చేతికివ్వాలా అనిపించింది. "కంట్లో దుమ్ము పడింది" అన్నాను. ఆయన జేబురుమాలు తీసి, నా గడ్డం పట్టుకుని పైకెత్తి, రెండు కళ్ళూ శ్రద్ధగా చూశారు. ఉఫ్‌మని ఊదారు. "పోయింది" అన్నారు. ఆయన నమ్మలేదని నాకా క్షణమే తెలుసు.

మర్నాడు ఆదివారం. నేను మా పెరట్లోకి బంతి తీసుకుపోయి ఒక కొత్త సాధన మొదలుపెట్టాను. బంతిని గడ్డి మీద పెట్టి, కాలితో తాకి, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని పది లెక్కపెట్టాలి. కళ్ళకద్దుకోకూడదు. అదీ సాధన. ఈ అలవాటు ఎలాగైనా నాలోంచి ఊడగొట్టేయాలని పంతం. వేళ్ళు వాటంతటవే ముందుకొచ్చేస్తుంటే చేత్తో చెయ్యి పట్టుకుని ఆపుతున్నాను. ఏడుస్తున్నాను, లెక్కపెడుతున్నాను. కాసేపటికి బంతితో పని తేలిక అనిపించింది. లోపలికి వెళ్ళి నా తెలుగు వాచకం తెచ్చాను. మా తాతయ్య పంపించింది. దాన్ని గడ్డి మీద పెట్టి కాలెత్తాను.

ఎత్తిన కాలు దిగలేదు. కిందికి దించలేను, పక్కకి తీయలేను. ఒంటికాలి మీద కొంగలా నిలబడి వెక్కి వెక్కి ఏడుస్తుంటే కంచె అవతల నిచ్చెన కడుక్కుంటున్న అంకుల్ చూశారు. చుట్టూ తిరిగి గేటు తీసుకుని వచ్చారు. వంగి నా కాలి కింద నుంచి ఆ పుస్తకాన్ని తీసి, చొక్కాకి తుడిచి, నా చేతికిచ్చి మెట్ల మీద కూర్చున్నారు. నేను కూడా వెళ్ళి కూర్చున్నాను. అప్పుడు చెప్పాను, పుస్తకం సంగతి, చీపురు సంగతి, బంతి సంగతి, మొత్తం. ఎవరికీ చెప్పొద్దని కూడా చెప్పాను. వాళ్ళమ్మాయికి కూడా.

ఆయన నవ్వుతారనుకున్నాను, జాలిపడతారనుకున్నాను. రెండూ చెయ్యలేదు. ఆటలో ఏదో చిక్కు వచ్చినట్టు మొహం పెట్టి చాలాసేపు ఆలోచించారు. చివరికి, "కాలు తగిలాక ఎంతసేపట్లోగా చెయ్యాలి?" అని అడిగారు.

తెలియదన్నాను. అదెప్పుడూ ఎవరూ అడగని ప్రశ్న. "అయితే మీ అమ్మని అడుగుదాం" అని లేచారు.

మా గుమ్మం దగ్గర బూట్లు విప్పి, రంగు మరకల మేజోళ్ళతో వంటింట్లోకొచ్చి, టోపీ చేత్తో పట్టుకుని కుర్చీ అంచున కూర్చున్నారు. మా అమ్మ ఇంగ్లీషు అప్పటికి ఉప్పూ పప్పూ కొనేంతవరకే. మా నాన్న ఊళ్ళో లేరు. కాబట్టి నా భాగోతం నేనే ఆయన దగ్గర్నుంచి అమ్మకీ, అమ్మ దగ్గర్నుంచి ఆయనకీ మార్చి చెప్పాల్సొచ్చింది. అంతకన్నా శిక్ష ఇంకోటి ఉండదు. అమ్మ అంతా విని బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల? అసలు బంతిని కాలిదాకా ఎందుకు రానివ్వాలట?" అంది.

నేనది ఎలాగో మార్చి చెప్పాను. అంకుల్ తొడ చరుచుకున్నారు. "మీ అమ్మ నాకన్నా మంచి కోచ్. ముందే వంగి చేత్తో ఆపాలి. నేను చెబుతూనే ఉన్నాను, నువ్వు వింటేనా" అన్నారు. తర్వాత మళ్ళీ మొహం గంభీరంగా పెట్టి, ఆ గడువు సంగతి కాస్త కనుక్కోమన్నారు. అమ్మకి నవ్వొచ్చింది కానీ ఆపుకుంది. ఎదుటి మనిషి నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నాడని ఆవిడకి అర్థమైంది. కాసేపు ఆలోచించి, "మనసులో దణ్ణం పెట్టుకుని ముందు చేతిలో పని చూసుకోమను. పనయ్యాక అద్దుకుంటే ఎవరొద్దన్నారు? దేవుడేమన్నా గడియారం పట్టుకు కూచున్నాడా?" అంది. ఆయన తల ఊపి, అమ్మ ఇచ్చిన కాఫీ గ్లాసు రెండు చేతులతో అందుకుని తాగి వెళ్ళారు.

సోమవారం నుంచి సాయంత్రాలు మా పెరట్లో పాఠం. ఆయన బంతిని నా కాళ్ళ మీదికే దొర్లించేవారు. నేను చేత్తో ఆపితే సరే. ఆపలేక బూటుకి తగిలితే ముందు తీసి విసరాలి, ఆయన బట్టలారేసే స్తంభం పక్కన నిలబడి పట్టుకుంటారు. అప్పుడు నేను పరిగెత్తుకుని వెళ్ళాలి. ఆయన వంగి, బంతిని రెండు అరచేతుల్లో పెట్టి నా ముందు పట్టుకునేవారు. నేను కళ్ళకద్దుకుని వెనక్కి వచ్చేదాన్ని. అంత పెద్ద ఆటగాడు పనయ్యి అలసిపోయొచ్చి, నా మొక్కు అయ్యేదాకా కదలకుండా నిలబడేవారు. ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు. గురువారానికి నా చెయ్యి ముందు విసరడం నేర్చుకుంది.

చెయ్యి నేర్చుకుంటే సరిపోతుందా? ఆ గురువారమే జట్టు ప్రాక్టీసు. ఒక పిల్ల బంతి తీసుకుని మొహానికి ఆనించుకుని మ్... అని పెద్ద ముద్దు పెట్టింది. అందరూ పడీ పడీ నవ్వారు. నా నేస్తం కూడా నవ్వింది. మిగతావాళ్ళ నవ్వు నాకు లెక్క లేదు. తన నవ్వు మాత్రం గుండెలో దిగబడింది. ఇంటికొచ్చి గ్లవ్ మంచం కిందికి విసిరేసి, శనివారం నేను రానని అంకుల్‌తో చెప్పేశాను. అది ఆ ఏటికి చివరి మ్యాచ్. నేను రాకపోతే ఎనిమిది మందే. ఆడకుండానే ఓడిపోతారు. ఓడిపోనీ అనుకున్నాను, నవ్వినందుకు బాగా అయింది అనుకున్నాను. అలా అనుకుని మళ్ళీ నేనే ఏడ్చాను. ఇంక శనివారాలే ఉండవు కదా నాకు.

ఆయన బతిమాలలేదు. జట్టు కోసం రావాలి, ధైర్యంగా ఉండాలి లాంటి మాటలు ఒక్కటీ చెప్పలేదు. "శనివారం పొద్దున మా పెద్దవాళ్ళ మ్యాచ్ ఉంది. చూడ్డానికైనా రా" అన్నారంతే.

వెళ్ళాను. మైదానం పక్కన గడ్డి గట్టు మీద మా జట్టు పిల్లలంతా ఒక గుంపుగా కూర్చున్నారు. నేను వాళ్ళకి దూరంగా, మా నాన్న పక్కన ముడుచుకుని కూర్చున్నాను. వేరే ఊరి నుంచి మంచి జట్టు వచ్చింది, గట్టు నిండా జనం. అంకుల్ ఆ రోజు వేసిన బంతులు ఎవరికీ అందలేదు. మూడో నాలుగో ఇన్నింగ్స్‌లో ఒకడి బ్యాటుకి తగిలి బంతి నేల మీద దొర్లి ఆయన వైపు వచ్చింది. చేతికి అందే బంతే. ఆయన కాలు అడ్డం పెట్టారు. కావాలనే పెట్టారని నా నమ్మకం, ఎవరేమన్నా సరే. బూటుకి తగిలి ఆగింది. మరుక్షణంలో తీసి ఫస్ట్ బేస్‌కి విసిరారు. పరిగెత్తేవాడు అవుట్. జనం చప్పట్లు కొట్టారు.

అప్పుడు ఆయన బంతి పట్టుకున్న ఆటగాడి దగ్గరికి నింపాదిగా నడిచి వెళ్ళారు. బంతి అడిగి తీసుకున్నారు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నారు. రెండు చేతులతో బంతి ఎత్తి, కళ్ళు మూసుకుని, కుడికంటికి ఒకసారి, ఎడమకంటికి ఒకసారి అద్దుకున్నారు.

మైదానమంతా నవ్వులే నవ్వులు. అవతలి జట్టువాళ్ళు ఈలలు వేశారు. ఎవరో "పెళ్ళి కూడా చేసుకో!" అని అరిచారు. ఆయన మెడ ఎర్రబడడం నాకు గట్టు మీదికి కనపడింది. సిగ్గరి మనిషి, నలుగురిలో మాట్లాడాలంటేనే చెమటలు పట్టేవి ఆయనకి. అయినా టోపీ పెట్టుకుని, మళ్ళీ తన చోటికి వచ్చి, వడిసెల తిప్పి తర్వాతివాణ్ణి మూడు బంతుల్లో ఇంటికి పంపించారు. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఆ మ్యాచ్‌లో ఇంకో రెండుసార్లు బంతి ఆయన కాలికి తగిలింది. రెండుసార్లూ అలాగే చేశారు. మూడోసారి నవ్విన వాళ్ళు తక్కువ. మా నాన్న కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

వాళ్ళ మ్యాచ్ అయ్యేసరికి గట్టు కింద మా జట్టు పిల్లలు బంతిని కాలితో తన్నుకుంటూ, కళ్ళకద్దుకుంటూ, ఎవరు ఆయనలా చేస్తున్నారో పోటీ పడుతున్నారు. "అలా కాదు, ముందు కుడికన్ను" అని నా నేస్తం ఎవరికో చెబుతోంది. నేను లేచి ఇంటికి పరిగెత్తి, మంచం కింద దూరి గ్లవ్ తెచ్చుకున్నాను. తొమ్మిది మందిమి అయ్యాం. ఆ మ్యాచ్ కూడా ఓడిపోయాం, అది వేరే సంగతి. ఓడిపోవడానికి కారణం ఈసారి నేను కాదు, నాకు అది ముఖ్యమైన సంగతి.

ఒక్క రోజుతో ఆపేస్తారనుకున్నాను. ఆయన ఆపలేదు. ఆడినన్నాళ్ళూ బంతి కాలికి తగిలితే కళ్ళకద్దుకున్నారు. వెల్లింగ్టన్‌లో ఆడినా అంతే, దేశం తరఫున బయటి దేశాల్లో ఆడినా అంతే. పత్రికలవాళ్ళు ఫొటోలు వేశారు, వెక్కిరిస్తూ బొమ్మలు గీశారు. ఎందుకలా చేస్తారని ఎవరడిగినా ఆయన ఒకటే జవాబు: "కంట్లో దుమ్ము పడింది." నా అబద్ధాన్ని ఆయన తన నోటితో అన్నేళ్ళు మోశారు. ఆ మాట నేను రేడియోలో విన్నప్పుడల్లా చచ్చేంత సిగ్గేసేది. చిన్నప్పుడు భయంతో చెప్పలేదు. పెద్దయ్యాక, ఇంత ఆలస్యంగా ఏం మొహం పెట్టుకుని చెబుతానని చెప్పలేదు. నేను చదువుకుని ఇదే ఊళ్ళో బడిపంతులమ్మనయ్యాను, పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, రిటైరయ్యాను. మా అమ్మా నాన్నా ఇద్దరూ పోయారు. ఆయన మాత్రం పక్క వీధిలోనే ఉన్నారు. జబ్బు పడ్డాక చూడ్డానికి వెళ్ళి రెండుసార్లు ఆ మాట ఎత్తబోయాను. రెండుసార్లూ ఆయన మా అమ్మ కాఫీ గురించి అడిగి మాట మార్చేశారు.

పోయిన వేసవిలో ఆయన పోయారు. మైదానం పక్కన క్లబ్బు హాల్లో పెట్టెలో ఉంచారు, పెట్టె మీద ఆయన టోపీ, పక్కన చిన్న పీట మీద ఒక పాత బంతి. ఆయన తల్లి తరఫున మావోరీ, అంటే ఈ దేశపు మొదటి మనుషులు. వాళ్ళ పద్ధతిలో పోయిన మనిషి గురించి మాట్లాడరు, పోయిన మనిషితోనే మాట్లాడతారు. నువ్వు ఇలా చేశావు, నువ్వు అలా అన్నావు, మమ్మల్నొదిలి ఎలా వెళ్తావు, అని. మాట అయ్యాక మాట్లాడినవాళ్ళ మనుషులు లేచి వెనక నిలబడి పాట పాడాలి. పాట పడితేనే మాట పూర్తయినట్టు.

ముసలి అభిమానులు ఒక్కొక్కరే లేచారు. ఒకాయన, నీ బంతిని నేను ఒక్కసారి కూడా చూడలేదు, చప్పుడు మాత్రం విన్నాను, ఇప్పటికీ చెవుల్లో ఉంది అన్నాడు. ఇంకొకావిడ, నువ్వు ఆడే రోజుల్లో మా ఆయన నన్ను మర్చిపోయేవాడు, అయినా నీ మీద కోపం రాలేదు అంది. అందరూ చివర్లో ఆ పీట మీది బంతి తీసి కళ్ళకద్దుకున్నారు. ఎందుకలా చేసేవాడో ఒక్కొక్కరిదీ ఒక్కో ఊహ. అదృష్టం కోసం అని ఒకరు, బంతి మీద కుట్లు ఎటున్నాయో చూసుకోవడానికని ఒకరు, చనిపోయిన తల్లిని తలుచుకోవడానికని ఒకరు. "దుమ్మట, దుమ్ము! చెప్పకుండానే వెళ్ళిపోయావు కదయ్యా, మొండివాడా" అని ఒక పెద్దాయన అంటే హాలంతా నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేను. లేచాను. లేచాక గుర్తొచ్చింది, నా వెనక నిలబడి పాడేవాళ్ళు ఎవరూ లేరని. అయినా ఆయన దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. "అంకుల్, ఆ రోజు నా కంట్లో దుమ్ము పడలేదు" అన్నాను. మా ఇంటి నియమం చెప్పాను, నేను చేసిన పని చెప్పాను, మా పెరడు, మా అమ్మ చెప్పిన గడువు, గట్టు మీద నవ్వులు, మొత్తం చెప్పాను. "నవ్వులపాలవ్వాల్సింది నేను. మీరయ్యారు. నేను చూస్తూ కూర్చున్నాను. నన్ను క్షమించండి" అన్నాను. వంగి, ఆయన పాదాల దగ్గర పెట్టెని తాకి కళ్ళకద్దుకున్నాను.

నేను తల వంచుకుని అలాగే నిలబడ్డాను. వెనకాల కుర్చీలు జరిగిన చప్పుడైంది. నా నేస్తం లేచి వచ్చి నా భుజం పక్కన నిలబడింది. తర్వాత ఇంకొకామె, ఇంకొకామె. జట్టు పిల్లలే, అందరూ అమ్మమ్మలు, నానమ్మలు అయిపోయారు. ఒకామె చేతికర్ర పట్టుకుని వచ్చింది. ఆ రోజు బంతికి ముద్దు పెట్టి నన్ను ఏడిపించింది ఆవిడే. నా వెనక వరసగా నిలబడి ఆయనకిష్టమైన పాట పాడారు. నేను పాడలేకపోయాను, ఏడుపే సరిపోయింది.

పాటయ్యాక నా నేస్తం నా చెయ్యి వదల్లేదు. "మేం ఇంట్లో ఎన్నిసార్లు అడిగామో లెక్క లేదు. పోయే ముందు కూడా అడిగాను. 'అది నాది కాదమ్మా, నేను చెప్పకూడదు' అన్నాడు" అంది.

ముప్పయ్యేళ్ళు బడిలో పాఠాలు చెప్పాను. ఎక్కడెక్కడి దేశాల నుంచో వచ్చిన పిల్లలు, భాష రాక, ఇక్కడి పద్ధతులు తెలియక, ఏదో చేసి నవ్వులపాలై గోడవైపు తిరిగి నిలబడడం చాలాసార్లు చూశాను. ఒక పిల్ల చాప మీద కూర్చునేముందు చెప్పులు విడిచి, వాటిని ఒళ్ళో దాచుకుంది. ఇంకొకడు నీళ్ళు తాగేముందు కాసిని నేల మీద వదిలేవాడు. ఎందుకు చేశావని నేను ఎవరినీ అడగలేదు, తప్పు లేదులే అని ఓదార్చనూ లేదు. వాళ్ళు చేసిన పనే నేనూ అందరి ముందూ ఒకసారి చేసి, ఎవరైనా నవ్వితే నవ్వనిచ్చి, పాఠం మొదలుపెట్టేదాన్ని.